ఆషాఢంలో గూడూరు నిమ్మకాయలు

కరోనా సద్దుమణిగాక, మళ్లీ విమానాలు ఎగరడం మొదలైన రోజుల్లో ఈ వ్యవహారం నా దగ్గరికి వచ్చింది. అప్పటికి చాలా ఏళ్లుగా నేను చిత్తూరులో నోటరీని. నోటరీ అంటే ప్రభుత్వం నియమించిన లాయరే గాని, జడ్జికి ఉన్నట్టు ఎత్తు కుర్చీ, ముందు నడిచే బంట్రోతు ఉండరు. ఒక గుండ్రటి సీలు, ఒక రిజిస్టరు, కోర్టు ఎదురుగా ఇరుకు గది, అంతే. ఎవరైనా ఒట్టేసి చెప్పే మాటను కాగితం మీద పెట్టి నా ముందు సంతకం చేస్తే, ఆ మనిషే చేశాడని నేను సీలు వేస్తాను. ఆ కాగితాన్ని అఫిడవిట్ అంటారు. అందులోని నిజానిజాల పూచీ చెప్పినవాళ్లది, నాది కాదు.

నాకొక చాదస్తం ఉండేది. అఫిడవిట్ మొత్తం తెలుగులో గట్టిగా చదివి వినిపించనిదే సీలు బయటికి తీసేవాణ్ణి కాదు. చదువు రానివాళ్లకు అలా వినిపించాలని నిబంధన కూడా ఉంది. పక్క గదుల నోటరీలు "ఆయన కాడికి పోతే పురాణమే అప్పా" అని నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ! వాళ్లు బైకు మీద కూర్చునే సీలు కొట్టేవాళ్లు, వాళ్ల సంగతి నాకు తెలియదా?

వచ్చింది ఇద్దరు. ఐరాలలో బోరు మోటార్లు వైండింగ్ చేసే మురళి, వాళ్లమ్మ మునెమ్మ. మురళి పెండ్లాం శైలజది తిరుపతికి అవతల, నిమ్మతోటలకు పేరుపడ్డ గూడూరు. నర్సు. పెళ్లయిన కొన్నాళ్లకే ఒక చలిదేశంలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. ఆ దేశం పేరు చెప్పను, మన నోటరీలు ఇంకా వాళ్లతో పని చేయాలి కదా. అక్కడ పనిచేసేవాళ్లు భర్తనో భార్యనో రప్పించుకోవచ్చు. దాన్ని స్పౌజ్ వీసా అంటారు. పెళ్లి చేసుకున్నామంటే చాలదు, అది నిజం పెళ్లేనని నమ్మించాలి.

మురళి మొదటిసారి పెట్టిన దరఖాస్తును తిప్పి కొట్టారు. కారణం చదివితే నాకు ఒళ్లు మండింది. పెళ్లయిన కొద్ది రోజులకే దంపతులు నెల రోజులు వేరువేరు ఊళ్లలో ఉన్నారట, కాబట్టి ఇది వీసా కోసం కట్టిన తాళేమోనని అనుమానమట. జ్యేష్ఠంలో పెళ్లి చేశారు, ఆషాఢం రాగానే కోడలిని పుట్టింటికి పంపారు. కొత్త దంపతులు ఆ నెల కలిసి ఉండకూడదని మన ఆచారం. ఆ వీసా ఆఫీసరు లెక్కన చూస్తే మా అమ్మానాన్నలది కూడా దొంగ పెళ్లే!

ఈసారి కూడా కాదంటే మళ్లీ అడిగే మొహం ఉండదు. ఇక అబద్ధం చెప్పినట్టు తేలితే ఏళ్ల తరబడి ఆ దేశం గడప తొక్కనివ్వరు. రెండేళ్లుగా ఫోన్లోనే కాపురం చేస్తున్న మురళి చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. ఊళ్లో వాళ్ల ఎగతాళి ఒకవైపు. "పెండ్లాం యెనకాల పోయే మొగుడు" అని టీకొట్టు దగ్గర నవ్వుతున్నారట. "నవ్వుకోనీ సార్. పోకుండా ఈడనే ఉండిపోతేనే నాకు బాధ" అన్నాడు.

తిరుపతి వీసా కన్సల్టెంటు ఒకాయన వీళ్లకు మందు కనిపెట్టాడు. ఆషాఢం ఆచారం గురించి పెద్దవాళ్ల చేత అఫిడవిట్ ఇప్పించమన్నాడు. ముసాయిదా కూడా ఆయనే రాశాడు. దానితో జత చేయడానికి "ఇద్దరూ కలిసున్న ఫొటోలు యెన్నుంటే అన్ని పెట్టు" అని మురళికి చెప్పాడు. అవి ఏ ఫొటోలో, ఏ రోజువో ఆయన చూడలేదు. ఫైలు లావుగా ఉంటే చాలని ఆ వృత్తిలో ఒక నమ్మకం.

నేను అలవాటుగా చదవడం మొదలుపెట్టాను. "నా కుమారుడు, నా కోడలు ఆషాఢమాసం పొడుగునా ఒకరినొకరు కలుసుకొని ఉండలేదు" అనే దగ్గరికి రాగానే మురళి దగ్గాడు.

"సార్, ఆ ఒక్క లైను తీసేస్తే పోదా?"

"యెందుకు తీయాల?" అని మునెమ్మ తగులుకుంది. "నిజమే కదరా! సామీ, మీ కాగితం ఆళ్లు నమ్మకపోతే పోనీ. నేను కాణిపాకంలో పెమాణం చేస్తా. ఈడు వీడియో తీసి పంపిస్తాడు. ఇనాయకుడి ముందర అబద్ధం చెప్పేదానికి ఎవురికి గుండె ఉండాది?"

ఆమె మాట ఉత్తది కాదు. జడ్జి ముందు కళ్లార్పకుండా అబద్ధం చెప్పిన పెద్దమనుషులు, కాణిపాకంలో తడిబట్టలతో ప్రమాణం చేయమంటే రాజీకి రావడం నేను కళ్లారా చూశాను. మునెమ్మ అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది. మురళి లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు మా. ఆడికి పోవద్దు. నీకు దోసం తగలతాది."

"నాకేం దోసంరా?"

"మేం కలిసినాం మా."

ఫైల్లోంచి ఫొటోల కవరు తీసి నేను బల్ల మీద పరిచాను. గూడూరు స్టేషన్ ప్లాట్‌ఫారం. బెంచీ మీద ఇద్దరూ, చేతుల్లో ఒకటే టీ గ్లాసు. ప్రతి ఫొటో మూలన తేదీ ఉంది. ఆ ఏటి పంచాంగం తీసి చూశాను. అన్నీ ఆషాఢమే. ఈ ఫొటోలు, ఆ అఫిడవిట్ ఒకే కవర్లో పోయి ఉంటే మురళి పని గోవిందా!

"తిరపతికి వైండింగ్ తీగకి పోతాండానని వారం వారం పోతివే!" అంది మునెమ్మ. "అంత తీగ యాడ పెట్టినావా అనుకుంటి. వచ్చేటప్పుడు సంచి నిండా నిమ్మకాయలు. అయ్యి గూడూరియ్యా? ఓరి నీ పాసుగాల! ఆ ఊరగాయ ఇంకా జాడీలో ఉండాది కదరా!"

మురళి పెండ్లానికి ఫోన్ కలిపాడు. అవతల శైలజ విషయం విని దాచలేదు. "అత్తా, ఆయన్నేం అనొద్దు. నేనే రమ్మన్నాను. చూడకుండా ఉండలేకపోయినాను. ఇప్పుడూ ఉండలేకపోతున్నాను" అంది. ఆ చివరి మాటకు ఏడుపు వచ్చేసింది.

మునెమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, కాసేపు కొడుకును ఎగాదిగా చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. "సామీ, దాన్ని చింపేయండి. నేను చెప్పింది చెప్పినట్టు రాయండి. మేం కలవద్దన్నాం. ఈళ్లు ఇన్లేదు. తీగ అని చెప్పి నన్ను మోసం చేసినాడు. ఇయ్యాళే తెలిసింది, తిట్టినాను. నిమ్మకాయల సంగతి గూడా రాయండి."

నిమ్మకాయలు అవసరం లేదేమోనన్నాను. "నిజమా కాదా?" అని గద్దించింది. రాశాను. చదివి వినిపించాను. ఊరగాయ దగ్గర ఇంకోసారి చదవమని, విని, తల ఊపి వేలిముద్ర వేసింది. నా సర్వీసులో ఊరగాయ మీద పడ్డ సీలు అదొక్కటే.

కన్సల్టెంటు ఫోన్ చేసి, ఫైలు చెడగొట్టానని నా మీద ఎగిరాడు. పంపితే పంపు, లేకపోతే లేదన్నాను. పంపాడు. కొన్ని వారాలకు మురళి పాస్‌పోర్టులో వీసా ముద్ర పడింది. ఆ ఆఫీసరుకు ఆషాఢం అర్థమైందని నేను అనుకోను. అమ్మకు అబద్ధం చెప్పి పెండ్లాన్ని చూడడానికి పోయే మొగుడు ఎలా ఉంటాడో మాత్రం ఆయనకూ తెలిసి ఉండాలి.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, నిజమైన పెళ్లేనని రుజువు కావాలంటూ ఎవరు వచ్చినా నేను పెళ్లి కార్డు, ఆల్బం ముందుగా అడగలేదు. పెద్దవాళ్లను కాసేపు బయట కూర్చోబెట్టి, వాళ్లు వద్దన్నది ఏం చేశారో చెప్పమని అడిగేవాణ్ణి. నిజం దంపతులు తల దించుకుని నవ్వేవాళ్లు. మిగతావాళ్లు ఆల్బం తెరిచేవాళ్లు.