తొంభై ఎనిమిదో ఎక్కం

నా పేరు ఇంద్రాణి. మత్తిగిరి పక్కన కూరగాయల నారు పెంచే నర్సరీలో పని. నాకు నోరెక్కువని అందరూ అంటారు, నిజమే. మునివెంకటమ్మక్కకు అసలు నోరే లేదు. డెంకణికోట వైపు పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టింది. పెళ్లయ్యాక వేసిన రాగిచేను ఏటేటా ఏనుగుల పాలవుతుంటే, మొగుడూ పెళ్లామూ మూటాముల్లె సర్దుకుని ఇక్కడికి వచ్చేశారు. ఎవరేమన్నా తల దించుకుని పోయే మనిషి. ఆమెను చూస్తే నాకు ఒళ్లు మండేది, జాలీ వేసేది.

ఆమె మొగుడు హనుమంతయ్యన్న నర్సరీలో ట్రేలు పేర్చేవాడు. ఒక్కో ట్రేలో తొంభై ఎనిమిది గుంతలు, గుంతకో మొక్క. రైతులు మొక్కల లెక్కన అడుగుతారు కాబట్టి, అన్న ట్రే దించినప్పుడల్లా ఆ లెక్కే పైకి చదివేవాడు. తొంభై ఎనిమిది, నూట తొంభై ఆరు, రెండువందల తొంభై నాలుగు... ముందు వంద పెరుగుతుంది, చివర రెండు తగ్గుతుంది. అయిదో ట్రేకి నాలుగువందల తొంభై. అంతవరకూ అన్నీ తొంభైలే. ఆరో ట్రేకి తొంభై పోయి ఎనభై వస్తుంది, ఐదువందల ఎనభై ఎనిమిది. కొత్తవాళ్ల నాలుక తడబడేది అక్కడే. నాదీ తడబడింది. పదో ట్రేకి తొమ్మిదివందల ఎనభై, వరుస నిండినట్టు. అప్పుడు అన్న "మునివెంకటమ్మా, నీళ్లు!" అని కేకేసేవాడు. ఆమె పైపు పట్టుకుని కదిలేది.

వాళ్లవైపు మొగుడు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడు. ఇంట్లో "ఇదో", "ఏమే", అంతే. నర్సరీలో అంతమంది ఆడవాళ్ల మధ్య "ఏమే" అంటే ఎవరని పలుకుతారు? అందుకని పేరు పెట్టాల్సి వచ్చింది. ఆయన నోట ఆమె పేరు వినబడేది ఆ ఒక్కచోటే. మోకాళ్లు అరిగి అక్క పని మానేసిన రోజు, పైపు నా చేతికిస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"పని పోయిందని కాదు ఇంద్రాణీ. ఆయప్ప నోట్లో నా పేరు ఇంక వినను గదా" అంది.

పోయిన ఏడాది వానల్లో అన్నకు పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. అలవాటైన పాటలైనా లెక్కలైనా ఒక్కోసారి తిరిగి వస్తాయి, పలికిస్తూ ఉండమని ఆస్పత్రిలో చెప్పారు. అక్క మంచం పక్కన కూర్చుని "తొంభై ఎనిమిది" అని అందించింది. ఆయన అందుకున్నాడు! అన్నం, నొప్పి అనే మాటలు రాని నోట లెక్క వచ్చింది. నాలుగువందల తొంభై దాకా వచ్చి ఆగిపోయింది. ఎన్నిసార్లు మొదలుపెట్టినా అంతే, తొంభై పోయి ఎనభై రాదు. అక్క అందించినా తల అడ్డంగా ఊపి మళ్లీ మొదటికొచ్చేవాడు.

లెక్క వరుస చివరికంటా పోతే, దాని వెనకే తన పేరు దొర్లి వస్తుందని ఆమె ఆశ. నడవకపోయినా ఫరవాలేదు, ఒక్కసారి పిలిస్తే చాలు, బతికినన్నాళ్లూ ఎత్తి దించుతానంది. అన్నం అడగలేని మనిషి చేత పేరు పిలిపించుకోవాలా, మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది, అని కసిరాను. కసిరానే గాని ఇంటికి పోయాక నిద్ర పట్టలేదు.

ఆ లెక్క నోటిది కాదు, చేతిది అని నాకు తోచింది. ఆదివారం నర్సరీలో పాత ట్రేలు పది అడిగి తీసుకుని వాళ్లింటికి పోయాను. అన్నను గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఒక్కో ట్రే ఎడమచేతికి అందించాను. దించాడు, చదివాడు. నాలుగువందల తొంభై. ఆరో ట్రే అందించాను. అదీ దించాడు.

"ఐదువందల ఎనభై ఎనిమిది."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక లెక్క ఆగలేదు. ఆరువందల ఎనభై ఆరు, ఏడువందల ఎనభై నాలుగు, ఎనిమిదివందల ఎనభై రెండు. పదో ట్రే అందించేసరికి అక్క లేచి నిలబడింది. ఆ మోకాళ్ల నొప్పి ఏమైపోయిందో.

"తొమ్మిదివందల ఎనభై" అని అన్న తలెత్తాడు. "ఇంద్రాణీ, నీళ్లు!"

భూమి చీలితే దూరిపోదామనిపించింది. ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు, అక్క మానేశాక పైపు పట్టింది నేను, రోజూ పిలిచింది నన్నే, అంతే. ఆ ముక్క చెబుదామంటే నా నోరు పెగల్లేదు. ఊరందరికీ జవాబు చెప్పే నోరు! ఆయన మళ్లీ పిలిచాడు. నారు ఎండిపోతోందన్నట్టు కంగారుగా అటూ ఇటూ చూశాడు.

"నిన్నే పిలస్తా ఉండాడు, పలుకమ్మా. పాపం, భయపడతా ఉండాడు" అంది అక్క.

"వస్తినన్నా" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. అక్క కాసేపు ఆ నవ్వునే చూసింది. తర్వాత లోపలికి పోయి, చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది.