కోయిలకుంట్లకు నేను గీసిన దావ

పెళ్లిచూపులకు పోతూ ఇంటిల్లిపాదినీ బండల గని దగ్గర దింపిన పెళ్లికొడుకును మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే.

అప్పట్లో నాకో పిచ్చి ఉండేది. ఇంటర్నెట్‌లో ఎవరైనా దిద్దగలిగే మ్యాపు ఒకటుంది. అందులో దుకాణాలూ దారులూ చేర్చేవాణ్ని. పైసా రాదు. కొత్త దారి గీసినా, తప్పు దిద్దినా ఒక నక్షత్రం ఇస్తారు. దానికోసం మండుటెండలో బేతంచెర్లంతా తిరిగేవాణ్ని. ఇంట్లో సరుకులు తెమ్మంటే మాత్రం కాళ్లనొప్పులు!

ఒకరోజు ఊరి బయట మట్టిదారి కనబడింది. దానిమీద బండల లారీ ఆగి ఉంది. టీ తాగుతున్న డ్రైవరును అడిగాను.

"ఏమప్పా, ఇది యాడికి పోతాది?"

"కోయిలకుంట్లకు."

నేనడిగింది దారి గురించి, ఆయన చెప్పింది లారీ గురించి. అది నాకు తట్టలేదు. కోయిలకుంట్లకు అడ్డదారి గీసేశాను. నక్షత్రం వచ్చింది.

ఆ కోయిలకుంట్లలోనే నాకు సంబంధం చూశారు. రాహుకాలం రాకముందే చేరాలన్నాడు నాయన. కారు తోలుతున్న మామతో గొప్పగా అన్నాను, "నా దావన పోనీ మామా, బిరీన చేరతాం."

దారి గని అంచున ఆగిపోయింది. కింద బండలు కోస్తున్నారు.

"ఏమిరా, పెండ్లికూతురు దీంట్లో ఉండాదా?" అన్నాడు నాయన.

"మ్యాపులో దావ ఉండాది నాయనా!"

"దాన్ని మ్యాపులో పెట్టిందెవర్రా?"

నేను ఫోన్ జేబులో దాచేశాను.

వెనక్కి తిరిగి, ఒళ్లంతా తెల్లదుమ్ముతో, సరిగ్గా రాహుకాలంలో వాళ్లింట్లో దిగాం. అమ్మాయి తండ్రి ముఖం ముడుచుకున్నాడు. "ఈ సంబంధం వద్దులేప్పా" అన్నాడు మా నాయనతో. నేను అడ్డం పడ్డాను. ఫోటోలోనే అమ్మాయి నాకు తెగ నచ్చేసింది మరి. జరిగిందంతా చెప్పేశాను.

లోపల్నుంచి పకపకా నవ్వు. అమ్మాయి బయటికొచ్చింది.

"మ్యాపులో దావలు గీస్తే దుడ్లిస్తారా?"

"లేదు."

"మరి ఎందుకు చేస్తాండారు?"

నక్షత్రాల మాట చెప్పడానికి సిగ్గేసింది. "మన ఊర్లు అందులో లేకపోతే బాగుండదు కదా" అన్నాను.

"తప్పుగా ఉంటే ఇంకా బాగుండదు. నా ఫోన్లో ఆ దావ తీసేయాలంటే యాడ నొక్కాల?"

చూపించాను, తీసేసింది. ఆమెకూ నక్షత్రం వచ్చింది. తండ్రివైపు తిరిగి, "దిద్దుకుంటే పనికొస్తాడులే నాయనా" అంది. ఆయనకూ నవ్వాగలేదు.

పెళ్లయింది. జనం ఊరికే ఎందుకింత చాకిరీ చేస్తారో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. కొందరు నక్షత్రాలకు, కొందరు ఊరి మీద మమకారంతో. మా ఆవిడ మాత్రం నేను గీసినవన్నీ వెతికి మరీ దిద్దుతుంది, అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోదు.

మొన్న దేవుడి పటం ముందు నిలబడి గంభీరంగా ఒట్టు పెట్టాను, "నడిచి చూడని దావను ఈ జన్మలో గీయను."

ఆమె ముఖం చిన్నబోయింది. "అట్లయితే నేనేం దిద్దాల?"