అత్త విప్పిన రెండు పొట్లాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ పెద్ద పని తలపెట్టినా నన్ను పిలిచి పువ్వు తియ్యమనేవారు. మాది శ్రీకాకుళం వైపు. నాన్న రైల్వే ఉద్యోగం వల్ల రాయపూర్ కాలనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. ఊరు వదిలినా మా నానమ్మ పువ్వులడగడం వదల్లేదు. ఎర్ర మందారం ఒక మోదుగాకులో, తెల్ల నందివర్ధనం ఇంకో ఆకులో పెట్టి, పొట్లాలు కట్టి, దేవుడి పటం ముందు ఉంచేది. తెలుపు వస్తే సరే, ఎరుపు వస్తే వద్దు. అందరికన్నా చిన్నదాన్ని కనక తీసే పని నాది. నాన్న తిల్దా అనే ఊరికి బదిలీ వద్దనుకున్నది నా చేతి మీదుగానే. అబ్బో, ఆ రోజుల్లో నా గొప్ప అంతా ఇంతా కాదు!

పక్క క్వార్టరులో మా అత్త, అంటే నాన్న చెల్లెలు ఉండేది. మావయ్య గూడ్సు బండి గార్డు. అత్త నవ్విందంటే వీధి చివరికి వినిపించేది. అలాంటి మనిషి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతే ఆస్పత్రిలో ఆపరేషను చేసి, అండాశయంలో పెరిగిన గడ్డ తీశారు. అది కేన్సరని, అందులోనూ చాలా అరుదైన రకమని తర్వాత తేలింది. డాక్టరుగారు ఉన్నమాట చెప్పారట. కనిపించినంతా తీసేశాం, ఇంతటితో ఊరుకోవచ్చు, కానీ మళ్ళీ వస్తే కష్టం, బొంబాయిలో కొత్త మందులు ఎక్కిస్తున్నారు, అవి ఎంత మేలు చేస్తాయో చెప్పలేను, ఇలాంటి జబ్బు నేనూ ఇదే చూడ్డం అన్నారట.

ఇంక ఇంట్లో ఒకటే తర్జనభర్జన. జుట్టు ఊడిపోతుందట, తిన్నది నిలవదట, కోసిన ఒంటికి మళ్ళీ ఆ విషం ఎందుకని నానమ్మ ఏడుపు. వెళ్ళాల్సిందేనని నాన్న. మావయ్య పాపం ఎటూ చెప్పలేక గుమ్మంలో కూర్చుని చేతులు నలుపుకునేవాడు. అత్తని మాత్రం ఎవరూ అడగలేదు. చివరికి ఓ ఉదయం నానమ్మ తలస్నానం చేసి పొట్లాలు కట్టేసింది. తెలుపొస్తే బొంబాయి, ఎరుపొస్తే ఇల్లు.

నేను కొత్త గౌను వేసుకుని, కళ్ళు మూసుకుని చెయ్యి చాపాను. వేళ్ళకి ఆకు తగిలింది. అంతలో ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. కళ్ళు తెరిస్తే అత్త. గోడ పట్టుకుని ఎప్పుడొచ్చి నిలబడిందో!

“ఆగవే తల్లీ,” అని నానమ్మ వైపు తిరిగింది. “అమ్మా, ఇది బదిలీ కాదు, నా పానం. రేపు నాకేటైనా అయితే, నా చేత్తోనే అత్తని చంపేసేనని ఈ పిల్ల బతికినన్నాళ్ళూ ఏడుస్తాది.”

“దేవుణ్ణే కాదంతావేటే?” అంది నానమ్మ.

“దేవుణ్ణి కాదన్లేదు. బచ్చీని, ఈ పసిదాన్ని అడగొద్దంతన్నాను. ఫైసలా నాది.”

అని, మెల్లగా కూర్చుని రెండు పొట్లాలూ అందరి ఎదుటా తనే విప్పేసింది. మందారాన్ని పటం దగ్గర పెట్టి నందివర్ధనాన్ని జడలో తురుముకుంది. పనికొస్తుందో లేదో డాక్టరుకీ తెలీదు, నాకూ తెలీదు, అయినా వెళ్తానంది. కళ్ళ నిండా నీళ్ళు. భయం లేక కాదు, భయపడుతూనే చెప్పింది. మా ఇంట్లో దేవుడు తప్ప మనిషి నిర్ణయం చెయ్యడం నేను చూడటం అదే మొదలు. ఆ జబ్బుమనిషి నాకు పటంలో దేవుడికన్నా పెద్దగా కనిపించింది. నానమ్మ కళ్ళు తుడుచుకుని, రైలు పాసు రాయించు బాబూ అంది మావయ్యతో.

అత్త బొంబాయి మెయిలెక్కింది. నున్నటి గుండుతో, సగం మనిషై తిరిగొచ్చింది. మళ్ళీ జుట్టొచ్చింది, కొడుకుల పెళ్ళిళ్ళు చేసింది, వీధంతా వినిపించేలా నవ్వింది. ఆ మందుల వల్లే బతికిందో, మామూలుగానే బతికేదో, ఇప్పటికీ ఎవరం చెప్పలేం. ఒకవేళ తిరిగి రాకపోయినా ఆ నింద బరువు లేక నా చెయ్యి తేలిగ్గానే ఉండేది. ఆ సంగతి నాకు పిల్లలు పుట్టాక గానీ తట్టలేదు. తన ప్రాణం ఊగిసలాడుతుంటే, ఆవిడ నా గురించి ఆలోచించింది!

ఇప్పుడు నాకు మనవలున్నారు. పెద్దవాళ్ళు తేల్చుకోలేని మాట ఏ పసివాడి ముందైనా పెడితే, నేను మధ్యలో అడ్డం పడిపోతాను. చాదస్తం అంటారు, అననీ. అలాంటప్పుడు నా కుడి మణికట్టు మీద అత్త వేళ్ళు ఇప్పటికీ వెచ్చగా తగులుతాయి.