రెండు వేళ్ళ వదులు

కోవూరు చుట్టుపక్కల వరికోత మిషన్లు రెండు రకాలు. చక్రాల మీద నడిచేవి టైరు మిషన్లు. రబ్బరు పట్టాల మీద నడిచేవి చైను మిషన్లు. ఆ పట్టాలో గొలుసు అనదగ్గది ఏదీ లేకపోయినా దాన్ని అందరూ చైను అనే అంటారు. నీళ్ళు ఆరని చేలో టైరు మిషను దిగబడుతుంది, చైను మిషను తేలుతుంది. తేలే మిషన్లకూ రోగాలుంటాయి. ఆ రోగాలు చూసేవాడు హనీఫా.

ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. ఇరవై ఏళ్ళుగా మిషన్ల కింద పడుకుని పనిచేయడం వల్ల ఎడమ భుజం పైకి లేవదు. కుడిచేతి బొటనవేలు పొద్దున్నే వంగదు. వేడినీళ్ళ చెంబులో కాసేపు పెడితే మాట వింటుంది. కోతలు లేని నెలల్లో ఆయన ఇంటి ముందు వరండాలో బల్ల వేసుకుని మిలిటరీ బండ్లకు నకళ్ళు కడతాడు. వాటిని బొమ్మలంటే ఆయనకు నచ్చదు. చిన్న బండ్లు అంటాడు.

కరోనా ఏడాది మిషన్లన్నీ షెడ్లలో ఉండిపోయినప్పుడు, కావలిలో ల్యాబులో పనిచేసే కూతురు కౌసర్ ఒక డబ్బా తెప్పించి ఇచ్చింది. అందులో మూడు వందలకు పైగా ప్లాస్టిక్ ముక్కలున్నాయి. డబ్బా మీద ముందు టైర్లు, వెనక చైన్లు ఉన్న సైనికుల బండి. హాఫ్ ట్రాక్ అని రాసి ఉంది. హనీఫా దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

“టైరు కావాలన్నోడికీ చైను కావాలన్నోడికీ పంచాయితీ తెగక చేసినట్టుండారు దీన్ని,” అన్నాడు.

అది పూర్తయ్యాక మళ్ళీ డబ్బా కొనలేదు. ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు పారేసిన పీవీసీ షీటు, పెన్ను రీఫిల్లు, కౌసర్ తెచ్చే సూది మూతలు, పాత సైకిలు ట్యూబు. వీటితోనే రెండు బండ్లు కట్టాడు. నల్ల ట్యూబును పీలికగా కోసి, దాని మీద ప్లాస్టిక్ ముక్కలు ఒక్కొక్కటీ అతికిస్తే చైను. ఒక పక్కకు యాభై ఆరు ముక్కలు. భూతద్దం పెట్టుకున్నా ముప్పై దాటేసరికి కళ్ళు నీళ్ళు కారతాయి.

“పెద్ద చైన్ల కింద పడుకోనొచ్చి మళ్ళా చిన్న చైన్ల మీద పడతావు. నీకు చైను పిచ్చి పట్టినాది,” అనేది భార్య జైతూన్‌బీ. అంటూనే వేడినీళ్ళ చెంబు తెచ్చి బల్ల మీద పెట్టేది.

చెంచురామయ్య హనీఫాకు తగిలింది పోయిన ఏడాది కోతల్లో. విడవలూరు రోడ్డులో, ఒక పక్క వరి, ఒక పక్క రొయ్యల గుంటలు ఉన్న చోట, చెంచురామయ్య చేలో మిషను చైను ఊడిపోయింది. హనీఫా బురదలో వెల్లకిలా పడుకుని ఉంటే, గెనిమ గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడిన ముసలాయన మాట వినిపించింది.

“మా బండికైతే వెనక మాత్రమే చైను. ముందు టైర్లే.”

మిషను డ్రైవరు నవ్వాడు. “ఇంక మొదలుపెట్టినాడు సగం బండాయన. స్టీరింగు కూడా ఎడం పక్కేనంట అన్నా.”

హనీఫా కింది నుంచి తల బయటపెట్టాడు. “ముందు బంపరుకు డ్రమ్ము ఉంటాదా పెద్దాయనా? దొర్లేది?”

ముసలాయన కర్ర ఆనించి ఒక అడుగు ముందుకు వేశాడు. తర్వాత మాట వచ్చిన వైపు తిరిగి, “నువ్వెవురబ్బయా?” అన్నాడు.

చెంచురామయ్యకు ఎనభై మూడేళ్ళు. ఇరవై ఏళ్ళప్పుడు మిలిటరీలో చేరి, పంజాబులో ఆ బండి తోలాడు. అప్పటికే అవి పాతబడిన బండ్లు, ఇంకెవరి యుద్ధం కోసమో చేసినవి. తిరిగొచ్చి చెబితే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. సగం టైరు, సగం చైను అంటే, సగం ఎద్దు సగం దున్నపోతా అని అడిగారు. ఆ పేరు అలా మిగిలిపోయింది. ఫోన్లు వచ్చాక ఎవరో వెతికి చూపించబోయారు కానీ అప్పటికే ఆయన కళ్ళకు నీటికాసులు ముదిరి, నీడలు తప్ప కనిపించడం లేదు.

“వేలు పెట్టి చూద్దామంటే అద్దం. బండి పక్కకు జారిపోతాది,” అన్నాడు ఆ రోజు, హనీఫా చేతులు కడుక్కుని ఆయన ఇంటి అరుగు మీద టీ తాగుతుంటే. “కళ్ళు అయిపోయినాయబ్బయా. వేళ్ళు ఉండాయి. అవీ చక్కెర జబ్బుకి మొద్దుబారతా ఉండాయి. కుడిచేతికి రెండు వేళ్ళు పోయినాయి అప్పుడే. మిగతావి పోయేలోపల ఒకసారి ఆ బండిని పట్టుకోవాలని ఉండాది.”

హనీఫా కట్టి ఇస్తానన్నాడు. అంతవరకూ తనకోసం తప్ప ఎవరికోసమూ కట్టలేదు.

ఏడు నెలలు పట్టింది. పదహారో వంతు కొలత, మూరెడు కంటే కాస్త తక్కువ పొడవు. వేలికి తెలియాలంటే అంతకంటే చిన్నది పనికిరాదు. ఫోనులో కనిపించే బండ్లలో ఎక్కువ వాటికి రేకుల మీద వరసగా బోల్టులున్నాయి. చెంచురామయ్యను అడిగితే, తమ బండికి బోల్టులు లేవనీ, వెల్డింగేననీ, వెనక మూలలు గుండ్రంగా ఉంటాయనీ చెప్పాడు. ఆ రకం వేరే ఉందని వెతికితే తెలిసింది. దాన్ని తయారుచేసింది అమెరికాలో పంటకోత మిషన్లు చేసే కంపెనీయేనని కూడా తెలిసింది. హనీఫా ఆ సంగతి జైతూన్‌బీకి రెండుసార్లు చెప్పాడు.

షీటును వేడిచేసి టానిక్కు సీసా చుట్టూ వంచి మూలలు తెచ్చాడు. నాలుగు పగిలాయి. స్టీరింగు ఎడమ పక్క పెట్టాడు. డ్రమ్ము తిరిగేలా ఇరుసు వేశాడు. ఆకుపచ్చ రంగు వేసి, అంచుల్లో పెన్సిలు పొడి రుద్ది ఇనుము అరిగినట్టు చేశాడు. చివరికి చేలోంచి తెచ్చిన మట్టి జల్లించి, జిగురులో కలిపి, అడుగున బురద పట్టించాడు. ముసలాయన చూడలేడని తెలుసు. అయినా బురద లేని చైను హనీఫా చేతికి రాలేదు.

తీసుకెళ్ళిన రోజు గుమ్మంలో చెంచురామయ్య భార్య మాలకొండమ్మ ఎదురైంది. “వచ్చినావా నాయనా. తెల్లారినప్పటినుంచి వాకిట్లోనే ఉండాడు, పెళ్ళికొడుకు మాదిరి.”

చెంచురామయ్య చొక్కా వేసుకుని, గుండీలు పైదాకా పెట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. హనీఫా బండిని స్టూలు మీద పెట్టి ఆయన ఎడమచేయి పట్టుకుని బంపరు మీద ఉంచాడు. వేళ్ళు డ్రమ్మును తిప్పాయి. బానెట్టు మీదుగా పాకి స్టీరింగు దగ్గర ఆగాయి. “ఆఁ,” అన్నాడు. వెనక మూల దగ్గర మళ్ళీ, “ఆఁ.” తర్వాత చైను మీదికి దిగాయి. పైన రెండు చక్రాల మధ్య ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ వెళ్ళి, నడుమ ఆగాయి.

“వదులుండాదే,” అన్నాడు.

“ఉండాల గదా పెద్దాయనా. బిగిస్తే బురద ఇరుక్కోని చైను తెగిపోదా? రెండు వేళ్ళు వదులు. పదహారో వంతుకు లెక్క కట్టి పెట్టినా.”

“బురద యాడిది?”

ముసలాయన వేలు కిందికి జారింది. గరుకును గీకి, చిటికెలో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “ఇది మన చేను మన్నబ్బయా. మేం తిరిగింది గట్టి నేల మీద. దుమ్ము. అన్నంలో దుమ్ము, పండుకుంటే చెవుల్లో దుమ్ము. ఈ వెనక చక్రం ఉండాదే, దానికి లోపల స్ప్రింగు. అది లాగి పట్టుకోని ఉంటాది. పొద్దన్నే హవల్దారు వచ్చి చైను నొక్కేవాడు. నొక్కితే లోపలికి పోవాల, వదిలితే టక్కన రావాల. వస్తే ‘చలేగా’ అంటాడు. అప్పుడు బండెక్కాల. ‘నహీ’ అంటే పానా తీసుకోని కిందకి దూరాల.”

ఆయన చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. “బాగా చేసినావు. అబద్ధం చెప్పకూడదు. బండి మాత్రం మాది కాదు.”

“ఏందయ్యా నువ్వు,” అంది మాలకొండమ్మ. “ఆ బిడ్డ ఏడు నెలలు కూర్చోని చేసుకొస్తే. దీనికీ లైసెన్సు ఇవ్వవా?”

“చైను సంగతి నాకు చెప్తా ఉండావా పెద్దాయనా?” అన్నాడు హనీఫా. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. “నెల్లూరు దాకా అడుగు. ఇరవై ఏళ్ళు.”

“ఇరవై ఏళ్ళు నువ్వు చూసింది వేరే బండి.”

హనీఫా బండిని అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చేశాడు. టీ కూడా తాగలేదు. పెట్టె తెచ్చి బీరువా మీదికి తోశాడు. జైతూన్‌బీ అడగబోయి, మొహం చూసి వంటింట్లోకి వెళ్ళింది.

కోతలు మొదలయ్యాయి. రోజుకు మూడు చేలు, నాలుగు చేలు. ఎక్కడ పిలిస్తే అక్కడికి మోపెడు మీద పానాల సంచి. ఒక మధ్యాహ్నం కాలవ పక్క చేలో కొత్త చైను ఎక్కించి, గ్రీజు పోసి, చివరికి అలవాటు ప్రకారం పట్టాకూ రోలరుకూ మధ్య రెండు వేళ్ళు దూర్చాడు. సరిగ్గా పట్టాయి. తీయబోతే బొటనవేలు పట్టేసి చేయి అక్కడే ఉండిపోయింది. వెల్లకిలా పడుకుని, చల్లటి బురద వీపుకు తగులుతుంటే, తన రెండు వేళ్ళను చూశాడు.

ఏ పుస్తకం చూసి పెట్టలేదు ఆ వదులు. ఈ మట్టి జిగురుకు, ఈ నీళ్ళకు, తెగిన చైన్లు చూసి చూసి తన వేళ్ళు నేర్చుకున్న కొలత అది. ఏడు నెలలు కూర్చుని ముందు డ్రమ్ము నుంచి వెనక మూలల దాకా ముసలాయన చెప్పినట్టే కట్టాడు. చైను దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క మాటా అడగలేదు. అడగాలని తట్టనే లేదు.

“ఏందన్నా, నిద్రపోయినావా?” అని డ్రైవరు పైనుంచి అరిచాడు.

“వస్తా ఉండాలే.”

ఆ వారంలో ఒక రోజు వాన పడి కోతలు ఆగాయి. హనీఫా బీరువా మీది పెట్టె దించాడు. జిగురు పెట్టిన చైను చక్రాల నుంచి ఊడబెరకాలంటే బ్లేడు తప్ప దారి లేదు. ఎడమ పక్కది బాగానే వచ్చింది. కుడి పక్కది నడుమ తెగి, తొమ్మిది ముక్కలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. జైతూన్‌బీ వంగి ఏరసాగింది.

“ఆ పెద్దాయనకి రేపు వేళ్ళకి కూడా తెలియకపోతే?” అంది.

“అందుకే గదా.”

“నీ వేలు సంగతి?”

ఆయన మిగతా ముక్కల కోసం చేయి చాపాడు. ఆమె చెంబు తెచ్చి పెట్టింది.

వెనక చక్రం ఇరుసును కోసి, గాడి చేసి, లోపల బాల్‌పెన్ను స్ప్రింగు కూర్చాడు. మొదటి స్ప్రింగు బలం ఎక్కువై చైను అతుకు దగ్గర విడిపోయింది. రెండోది సగానికి కత్తిరించాడు. రెండు పక్కలా రెండేసి ముక్కలు తగ్గించి చైను పొట్టి చేశాడు. ఈసారి జిగురు పెట్టలేదు, చక్రాలతోపాటు తిరిగేలా వదిలేశాడు. బురదను పళ్ళు తోముకునే బ్రష్షుతో కడిగేస్తే కింద ఆకుపచ్చ రంగు కూడా చాలాచోట్ల లేచిపోయింది. మళ్ళీ వేయడానికి ఓపిక లేకపోయింది. అలాగే ఉంచాడు.

మళ్ళీ వెళ్ళేసరికి నెల దాటింది. చెంచురామయ్య మంచం మీద ఉన్నాడు, చొక్కా లేదు. మాలకొండమ్మ భుజం పట్టి లేపి కూర్చోబెట్టింది.

“నీ బండొచ్చినాది. ఈసారన్నా మర్యాదగా మాట్లాడు.”

హనీఫా బండిని ఆయన ఒళ్ళో పెట్టాడు. ముసలాయన ఈసారి డ్రమ్ము దగ్గరికి పోలేదు. నేరుగా చైను వెతుక్కున్నాడు. చూపుడువేలితో నొక్కాడు. మొహంలో ఏమీ కదలలేదు. మళ్ళీ నొక్కాడు. నడిమి వేలు మార్చాడు.

“తెలియడంలా,” అన్నాడు మెల్లగా.

మాలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హనీఫా అట్టపెట్టె మూత పట్టుకుని నిలబడ్డాడు.

ముసలాయన ఎడమచేతి వేళ్ళను ఒక్కొక్కటే పెదవికి తాకించి చూసుకున్నాడు. చిటికెన వేలి దగ్గర ఆగాడు. ఆ వేలిని చైను మీద పెట్టి, నెమ్మదిగా నొక్కి, చటుక్కున తీశాడు. చిన్న టక్కుమన్న చప్పుడు గదిలో ముగ్గురికీ వినిపించింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ తీశాడు. కుడి పక్కకు తిప్పించుకుని అక్కడా చూశాడు.

“చలేగా,” అన్నాడు.

మాలకొండమ్మ హనీఫా వైపు చూసింది. “అంటే ఏంది నాయనా?”

“నడుస్తాదంట అమ్మా.”

“ఇంకేం, ఎక్కి పో,” అంది ఆమె మొగుడితో.

చెంచురామయ్య బండిని తొడ మీద అంగుళం ముందుకు నెట్టాడు. ముందు టైర్లు దొర్లాయి. వెనక చైను చక్రాల చుట్టూ తిరిగింది. అంగుళం వెనక్కి లాగాడు. మళ్ళీ ముందుకు నెట్టాడు.

హనీఫా గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. మాలకొండమ్మ ఇచ్చిన టీ పట్టుకోవడానికి బొటనవేలు వంగకపోతే రెండు చేతులతోనూ గ్లాసు పట్టుకున్నాడు. సగం తాగేసరికి జేబులో ఫోను మోగింది. కాలవ అవతల మిషను చైను ఊడిందట.

“ఎంత వదులు పెట్టినారు?” అని అడుగుతూ, మోకాలి మీద చేయి వేసుకుని లేచాడు.