చేతుల మీద నీళ్లు

2022 ఎండాకాలం. ఎర్రగుంట్లలో మా శాటిలైట్ క్లినిక్ నడుస్తున్న రోజులు. పేరు పెద్దదే గానీ సంగతి చిన్నది: జిల్లా ఆసుపత్రిదాకా రాలేని వాళ్ల దగ్గరికి మానసిక వైద్యమే వారానికోసారి కడపలో బస్సెక్కి వెళ్లడం. మాకిచ్చింది ఒక పాత గది. కింద నల్ల బండలు, పైన కీచుమనే ఫ్యాను, కిటికీ బయట ఒక వేపచెట్టు. ఫ్యాక్టరీల సిమెంటు దుమ్ము పడీ పడీ ఆ చెట్టు విభూతి పూసుకున్నట్టు ఉండేది. దాని ఆకులు పచ్చగా ఉండగా అప్పటికి నేనెప్పుడూ చూడలేదు.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. డాక్టరు గారు జబ్బు చూసి మందు రాస్తారు. ఇంట్లో ఏం జరుగుతోంది, మనిషి లోపల ఏం నలుగుతోంది అని కూర్చుని వినడం నా పని. పెళ్లయిన కొత్తలో మా ఆయన "కబుర్లు చెప్పే ఉద్యోగమన్నమాట" అన్నాడు. ఒక్కరోజు నా కుర్చీలో కూర్చుని చూడు, కబుర్ల సంగతి తెలుస్తుంది అన్నాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఏడాది మాత్రం నాకే ఏదో అయింది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే పెదాలు కదలడం కనిపించేది, మాట మాత్రం ఏటి అవతలి ఒడ్డు నుంచి వస్తున్నట్టుండేది. మధ్యాహ్నం ఎండకి కిటికీ అవతల రోడ్డు కరిగి నీళ్లలా మెరుస్తుంటే, ఆ లేని నీళ్లని చూస్తూ కూర్చునేదాన్ని. ఎదురుగా ఒక తల్లి కొడుకు గురించి ఏడుస్తూ ఉండేది. నాకు ఏమీ అనిపించేది కాదు. "మీ బాధ నాకు అర్థమవుతోంది" అని నా నోరు దానంతటదే చెప్పేసేది. ఇంటికెళ్లాక పిల్లది మోకాలు చెక్కుకుపోయి ఏడ్చినా అదే మాట వచ్చేసింది. అది నన్ను వింతగా చూసి వాళ్ల నాన్న దగ్గరికి పోయింది.

మా పుస్తకాల్లో దీనికి కంపాషన్ ఫెటీగ్ అని పేరుంది. ఇతరుల దుఃఖాన్ని మోసీ మోసీ జాలి అనేదే మొద్దుబారిపోవడం. పని భారంతో మనిషి ఒట్టిపోతే దాన్ని బర్నౌట్ అంటారు. రెండూ అక్కాచెల్లెళ్లు, ఒకటొస్తే రెండోది వెనకే వస్తుంది. ఈ పాఠం ట్రైనింగుల్లో నేనే నర్సులకి చెప్పేదాన్ని. నా ఒంటిమీదికి వచ్చినప్పుడు మాత్రం పోల్చుకోలేదు. పనికిరాకుండా పోయాననుకున్నాను, అంతే. ఎండాకాలం దాటగానే ఉద్యోగం మానేసి ఏదైనా హాస్టల్లో వార్డెనుగా చేరతానని ఇంట్లో చెప్పేశాను కూడా.

కారణం వెతుక్కోవాల్సిన పనేం లేదు. కరోనా రెండో విడతలో నన్ను హెల్ప్‌లైన్ ఫోను దగ్గర కూర్చోబెట్టారు. చివరి చూపు దక్కని వాళ్లంతా ఫోన్ చేసేవాళ్లు. ముందైతే నాతోపాటు హసీనా ఉండేది, మా సైకియాట్రిక్ నర్సు. ఒక కాల్ అయ్యాక నేను దానితో చెప్పుకునేదాన్ని, దాని కాల్ అయ్యాక అది నాతో. తర్వాత హసీనాని కర్నూలుకి బదిలీ చేశారు. దాని కుర్చీలోకి ఎవరూ రాలేదు. ఆ కుర్చీ మీద నా హ్యాండ్‌బ్యాగు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఇదిగో, అలాంటి రోజుల్లో లక్షుమ్మ వచ్చింది. పేరు మార్చాను, ఊరు కూడా చెప్పను. గండికోట దిక్కు పల్లె. అరవై దాటిన మనిషి, పొడగరి, గొంతు కంచులా మోగుతుంది.

"ఏంటి ఇబ్బంది?" అన్నాను.

"నాకు ఏడుపు రాలే మ్మా."

రోజంతా ఏడుపు ఆగని వాళ్లని చూసే నాకు చిరాకేసింది. "రాకపోతే మంచిదే కదా!"

"నీకు మంచిది. నాకు గాదు" అంది, నవ్వకుండా. "మా సుట్టుపక్కల ఏ ఇంట్ల మనిషి పోయినా ముందు నన్నే పిలుస్తారు. ఏడుపు ఎత్తుకునేది నేనే. పోయినోళ్లు ఎట్ల పుట్టిరి, ఎట్ల బతికిరి, ఎవురికి ఏం జేసిరి అంతా రాగం దీసి చెప్పి ఏడుస్తా. నేను ఎత్తుకుంటేనే ఆ ఇంటోళ్లకి ఏడుపు కట్ట తెగుతాది. ఇప్పుడు నోరు తెరిస్తే ఒట్టి గాలి వస్తాండాది. కండ్లు సూడు, బండలు."

ముందు కంటి డాక్టరు దగ్గరికి పోయిందట. ఆయన చుక్కల మందు ఇచ్చాడు. "అవి ఏసుకుంటే కండ్లెంబడి నీళ్లు కారినాయి మ్మా, ఏడుపు మాత్రం రాలే." తర్వాత దర్గాలో తాయెత్తు కట్టించుకుంది. అక్కడి పెద్దాయన కట్టేటప్పుడు, ఎందుకైనా మంచిది, ఆసుపత్రిలో కూడా చూపించుకో తల్లీ అన్నాడట.

"ఇంతకీ ఇప్పుడు తొందరేంటి?" అన్నాను.

అప్పుడు ఆ గొంతు తగ్గింది. "మా అక్క పోతాండాది. క్యాన్సరు. డాక్టర్లు ఇంటికి పంపిచ్చిరి. అమ్మ పోయినంక నన్ను సాకింది ఆయమ్మే. ఊరందరికీ ఏడ్చి, మా అక్క కాడ కట్టెమాదిరి నిలబడల్లా నేను? ఆయమ్మ పోయేలోపల నా ఏడుపు నాకు తెచ్చియ్యి మ్మా."

మీ బాధ నాకు అర్థమవుతోంది అన్నాను. లేస్తూ లేస్తూ ఆమె రెండు చేతులూ దోసిలి పట్టి, "రవ్వన్ని నీళ్లు పొయ్యి" అంది. వరండాలో కొళాయి ఉంది, అక్కడ కడుక్కోండి అన్నాను. ఆమె కొళాయి దగ్గరికి వెళ్లలేదు. పొడి చేతులు కొంగుకి తుడుచుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లింది.

డాక్టరు గారు పరీక్ష చేశారు. నిద్ర పర్వాలేదు, తిండి పర్వాలేదు, బతుకు మీద విరక్తి లేదు. "దీనికి నా దగ్గర మాత్ర లేదు, మీరే చూడండి" అని నాకు అప్పగించారు. ఎంత కోపమొచ్చిందో! ఎండిపోయిన బావిలో నీళ్లు తోడమని ఎండిపోయిన చేదనే పంపిస్తున్నారు అనుకున్నాను.

మరుసటి వారం లక్షుమ్మని ఆ పని గురించే అడిగాను. ఎలా మొదలుపెడతారు, ఎక్కడ ఆపుతారు అని. ఇది ఇంటర్వ్యూలో ఒక పద్ధతి, మనిషికి చేతనైన పని గురించి మాట్లాడిస్తే మిగతాది దాని వెంట వస్తుంది. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను పద్ధతి కోసం అడగలేదు, పొద్దు గడవడానికి అడిగాను.

"ఒక్కరు ఏడ్చే పని గాదు మ్మా ఇది" అంది. "ఇద్దరుండల్లా. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకోవల్లా. నా ఊపిరి ఐపోయే కాడ మా ఓబులమ్మ అందుకుంటాండె. ఆయమ్మ ఐపోయే కాడ నేను. వయసులో ఉన్నప్పట్నుంచీ అదే జత. అంతా ఐపోయినంక ఇంటికి పొయ్యేముందు ఒకరి చేతుల మీద ఒకరం నీళ్లు పోసుకుంటాం. ఎవురి నీళ్లు వాళ్లు పోసుకోకూడదు. పోసుకుంటే ఆ ఇంటి ఏడుపు మన ఎంబడే ఇంటికి వస్తాది."

నా చూపు కిటికీ మీది నుంచి ఆమె చేతుల మీదికి వచ్చింది.

"ఓబులమ్మ ఇప్పుడు ఎక్కడుంది?"

"కరోనాలో పాయె. ప్లాస్టిక్ సంచిలో సుట్టి, పెన్నొడ్డున పూడ్చి పెట్టిరి. మమ్మల్ని ఊరు దాటనీలే. ఊరందరికీ ఏడ్చిన మనిషి మ్మా, ఆయమ్మకి ఒక్కరూ ఏడ్వలే."

గదిలో ఫ్యాను కీచుమంటోంది. బయట వేపచెట్టు తెల్లగా, కదలకుండా నిలబడి ఉంది. మీ బాధ నాకు, అని నోరు తెరిచాను. లక్షుమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ మాట వొద్దులే. పోయినసారి గూడా జెప్పినావు. అది జెప్పేటప్పుడు నువ్వు ఈడ ల్యాకుండా యాడికో పోతాండావు." కాసేపు నా మొహంలోకి చూసింది. "నీకూ ఎండిపొయ్యిండాదా మ్మా?"

మా వృత్తిలో పేషెంటు దగ్గర సొంత గోడు వెళ్లబోసుకోకూడదు. నేనూ వెళ్లబోసుకోలేదు. "ఆఁ" అన్నాను, ఒక్క అక్షరం. ఆమె తల ఊపింది. ఎండలో పడి వచ్చిన ఇద్దరం ఒకే నీడన కూర్చున్నట్టనిపించింది. ఎన్నాళ్లకో ఎదుటి మనిషి ఊపిరి చప్పుడు నాకు దగ్గరగా వినిపించింది.

తర్వాత చెయ్యాల్సింది తేటగానే కనిపించింది. ఓబులమ్మ కోసం ఏడవాలి. అక్క కంటే ముందు వరసలో ఓబులమ్మ ఉంది, ఆమె దారి ఇస్తే గానీ అక్క ఏడుపు రాదు. దీన్ని మేం గ్రీఫ్ వర్క్ అంటాం, మిగిలిపోయిన దుఃఖాన్ని పూర్తి చేయించడం. కానీ ఎత్తుకుంటే అందుకునేదెవరు? లక్షుమ్మ ఓబులమ్మ కూతురు రవణమ్మ పేరు చెప్పింది. ఇక్కడే ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేస్తుందట. "దానికి రాగం రాదు. అయినా వాళ్లమ్మే గదా, వస్తాదేమో."

మంచం మీద అక్క రోజురోజుకీ కరిగిపోతోంది. ఆలస్యం చేసే వీలు లేదు. లక్షుమ్మ పోయి అడిగితే రవణమ్మ సరేనంది. తరువాతి క్లినిక్ రోజున తెల్లారేటప్పటికి నేనూ వాళ్లతో పాటు గండికోట కింద పెన్న ఒడ్డున ఉన్నాను. నువ్వు ఎందుకు పోవాలని మా ఆయన అడిగాడు. లక్షుమ్మ రమ్మంది, పోయాను.

ఆ పొద్దు నాకు ఇప్పటికీ కలలో చూసినట్టే ఉంటుంది. ఎర్రటి కొండ చీలిక పైన కోటగోడ, కింద పాయగా జారుతున్న నీళ్లు, వాటి మీద పల్చగా లేచే పొగమంచు. ఎండాకాలంలో మంచేమిటి, నేను కల్పించుకున్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఓబులమ్మని పెట్టిన చోట గుర్తుగా ఒక బండ ఉంది. రవణమ్మ దాని మీద పసుపు కుంకుమ వేసి, బిత్తరగా మా వైపు చూసింది. ఎవరో పడవలో దూరంగా పోతున్నారు, తెడ్డు చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

లక్షుమ్మ బండ ముందు కూలబడి ఎత్తుకుంది.

"పెన్న దాటి పోతివా ఓబులమ్మా, నా జత ఇడిసి పోతివా... పిలిసినోళ్ల ఇండ్లకంతా పోతిమే, నిన్ను సాగనంపే దానికి నన్ను పిలవలేదే..."

కొండకి తగిలి ఆ గొంతు తిరిగి వచ్చింది. రాగం పైకి పోయి, పోయి, ఊపిరి ఐపోయే చోట ఆగింది. ఓబులమ్మ అందుకోవాల్సిన చోటు. అక్కడ ఏమీ లేదు. నీళ్ల చప్పుడు, అంతే. లక్షుమ్మ కళ్లు పొడిగా, వెడల్పుగా తెరుచుకుని రవణమ్మని చూశాయి. రవణమ్మ తల అడ్డంగా ఊపుతోంది, నాకు రాదు, నాకు రాదు అని. ఇది తప్పిపోతే లక్షుమ్మకి ఇంకో దారి లేదని తెలుసు.

ఉన్నట్టుండి రవణమ్మ "అమా!" అంది. రాగం లేదు, మాట లేదు, పసిపిల్ల పిలిచినట్టు. "అమా, నీకు సంగటి కట్టిచ్చి పంపిస్తి గదా ఆసుపత్రికి, తింటివో ల్యాదో జెప్పకపోతివే..."

అంతే. లక్షుమ్మ నోట్లోంచి ఒక ఏడుపు వచ్చింది. అది పాట కాదు, ఎత్తుకున్నది కాదు. ఇద్దరూ ఒకరినొకరు కావలించుకుని నేల మీద పడిపోయారు.

నేను దూరంగా నిలబడి ఉన్నాను, మా ట్రైనింగ్ ప్రకారం. ఎదుటివాళ్లు ఏడుస్తుంటే ఆపకుండా, కలవకుండా, అక్కడే ఉండాలి. తింటివో ల్యాదో అన్న మాట నా లోపల ఎక్కడో తగిలింది. హెల్ప్‌లైన్లో ఒకాయన అచ్చం అదే అడిగాడు, మేడమ్, మా నాయిన అన్నం తిన్నాడో లేదో కనుక్కుని చెప్తారా అని. నాకు చెప్పడానికేమీ లేదు. ఆ గొంతు అప్పటినుంచీ నాలోనే ఉండిపోయింది. ఇసుకలో కూర్చుండిపోయి, ముక్కూ మొహం ఏకం చేసుకుని ఏడ్చాను. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే ఏడ్చాను. ఆ ఏడుపు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఎండ కోటగోడ దిగి మా మీదికి వచ్చేటప్పటికి అందరం ఖాళీ అయిపోయాం. రవణమ్మ చెంబుతో పెన్న నీళ్లు ముంచింది. లక్షుమ్మ చేతుల మీద పోసింది. లక్షుమ్మ ఆమె చేతుల మీద పోసింది. తర్వాత చెంబు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"పట్టు" అంది.

"నాకెందుకు?" అన్నాను, దొంగలా.

"ఎందుకా? మొగం సూడు, జాతరలో తప్పిపోయిన పిల్ల మాదిరుండావు. పట్టు మ్మా చేతులు!"

దోసిలి పట్టాను. నీళ్లు చల్లగా ఉన్నాయి.

ఆ రోజు క్లినిక్‌కి ఆలస్యంగా వెళ్లి డాక్టరు గారి చేత చీవాట్లు తిన్నాను. మొదటి పేషెంటు ఒక లారీ డ్రైవరు, నిద్ర పట్టడం లేదన్నాడు. అతని మాటలు గదిలోనే, నా ముందే వినిపించాయి. అతను చెప్పేది ఆపేసి, "మేడమ్, మీకేమన్నా బాగాలేదా, కండ్లు ఎర్రగా ఉండాయే" అన్నాడు. బాగుందయ్యా, చెప్పు అన్నాను.

వానలు మొదలయ్యాక లక్షుమ్మ ఒకసారి వచ్చింది, చీటీ రాయించుకోకుండా నేరుగా గదిలోకి.

"అక్క పోయినాది మ్మా."

నేను లేచి నిలబడ్డాను.

"ఏడ్చినా. కడుపారా ఏడ్చినా. నేను ఎత్తుకుంటి, రవణమ్మ అందుకునె. రాగం సక్కగా రాలేదులే దానికి, నేర్పిస్తాండా." కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఆ తడి నాకు చూపించింది, గెలిచిన సొమ్ములాగా. వేపచెట్టు ఆ వానకి కడుక్కుని పచ్చగా ఉంది. అది వేపచెట్టేనా అని కాసేపు చూశాను.

వార్డెను ఉద్యోగం సంగతి మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మా పనిలో సూపర్‌విజన్ అనేది ఒకటుంటుంది. మన కేసులు మోసి అలసిపోయినప్పుడు తోటి మనిషి దగ్గర వాటిని దించుకోవడం. కాగితాల మీద అందరికీ ఉంటుంది, చేసేవాళ్లు తక్కువ. నా మనసు మొద్దుబారడం నా లోపం అనుకుని ఏడాది పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. లోపం కాదు, జత లేకపోవడం. వినేవాళ్లకి కూడా అందుకునే మనిషి ఒకరుండాలని నాకు తెలిసింది పుస్తకాల్లో కాదు, ఆ పెన్నొడ్డున.

ఇప్పుడు ప్రతి క్లినిక్ రోజునా తిరుగు బస్సు ఎక్కేముందు కర్నూలుకి ఫోన్ చేస్తాను. పేర్లు చెప్పను, ఊళ్లు చెప్పను, ఆ రోజు మోసింది మాత్రం చెప్తాను. హసీనా కూడా తనది చెబుతుంది. లక్షుమ్మ సంగతి దానికి ఎప్పుడో చెప్పాను. అందుకే ఫోన్ ఎత్తగానే అది హలో అనదు.

"పట్టవే చేతులు," అంటుంది, "పోస్తాండా."