వడియాల కేసు మీద చెన్నై వెళ్ళివచ్చిన వైనం

చెన్నైకి మేం సముద్రం చూడడానికో పట్టుచీరలు కొనడానికో వెళ్ళలేదు. మేం పెట్టే గుమ్మడి వడియం అప్పడం కిందికి వస్తుందా రాదా అని తేల్చుకోవడానికి వెళ్ళాం. ఇది చదివి నవ్వేవాళ్ళుంటారని తెలుసు. నోటీసు రాకముందు ఎవరైనా చెబితే నేనూ నవ్వేదాన్నే.

సూళ్ళూరుపేటలో మా అన్న భార్య కస్తూరి వదిన, నేను, మా వీధి ఆడవాళ్ళు మరికొందరు కలిసి వడియాలు పెడుతుంటాం. అవి ఎండేది మా డాబా మీద, అమ్ముడుపోయేది చెన్నై జార్జిటౌన్‌లో. అక్కడ రంగయ్య శెట్టిగారని తాతల కాలం నుంచీ కిరాణా టోకు వ్యాపారం చేసే తెలుగాయన మా సరుకంతా తీసుకుంటారు. అప్పడానికి, దాన్ని ఏ పేరుతో పిలిచినా సరే, జీఎస్టీ లేదు. ఆ ధైర్యంతోనే ఆయన మా వడియాల్ని పన్ను వెయ్యకుండా అమ్ముతున్నారు. ఉన్నట్టుండి ఆయనకు పన్నుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది: ఇది అప్పడం కాదు, చిరుతిండి, పన్ను కట్టాల్సిందే అని.

ఆ నోటీసు శెట్టిగారికి తలనొప్పి, మాకు ప్రాణగండం. మాలాంటి చిన్నవాళ్ళు సొంత రాష్ట్రంలో అమ్ముకుంటే ఎవరూ ఏమీ అడగరు. కానీ పన్ను పడే సరుకును రాష్ట్రం దాటించాలంటే ఎంత చిన్నవాళ్ళయినా జీఎస్టీ నమోదు చేయించుకోవాలి, నెలనెలా లెక్కలు పంపాలి, ఆ లెక్కలు రాసేవాడికి జీతమివ్వాలి. మాకు చెన్నై పక్కనే, రాష్ట్రం సరిహద్దు అంతకన్నా పక్కన. వడియం అప్పడం కాకుండా పోయిందంటే మా డాబా మీద బట్టలు తప్ప ఇంకేం ఎండవు.

తయారుచేసేవాళ్ళు స్వయంగా వచ్చి చెబితే మంచిదని శెట్టిగారి ఆడిటర్ అన్నాడట. అందుకని విచారణ రోజు పొద్దున ఆరున్నర లోకల్‌కు వదినా నేనూ బయల్దేరాం. వెళ్ళదలచినవాళ్ళకు ఒక మాట: ఈ బండికి సీటు కావాలంటే కాస్త ముందుగా స్టేషన్ చేరాలి, ఎడమవైపు కిటికీ పట్టుకోవాలి. టికెట్టు ఖరీదు రెండు కాఫీలకు మించదు. నా చేతిసంచిలో ఆడిటర్ అడిగిన, వేయించని పచ్చి వడియాల పొట్లం ఉంది. వదిన ఒళ్ళో పెరుగన్నం గిన్నె, దానిమీద పెద్ద స్టీలు డబ్బా.

"అందులో ఏముంది వదినా?"

"వేయించిన వడియాలు. ఆఫీసరు రుచి చూడకుండా ఏం తీర్పు చెబుతారు?" అంది.

తడ స్టేషన్‌లో ఒక పెద్దాయన ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. కాకీ చొక్కా, చేతిలో టార్చిలైటు. గుమ్మిడిపూండిలో ఏదో ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌నని చెప్పాడు. వదిన డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టి, మా కేసు మొదటినుంచీ చెప్పుకొచ్చింది. ఆయన శ్రద్ధగా విన్నాడు, అంతకన్నా శ్రద్ధగా తిన్నాడు.

"నాకూ పన్నుతోనే బతుకు మారింది మా," అన్నాడు. "చెక్‌పోస్టు కాడ నాకు టీ అంగడి ఉండె. పన్ను కాగితాలు చూపించేదానికి లారీలు బారులు తీరి నిలబడేవి. ఎంత సేపు నిలబడితే నాకన్ని బజ్జీలు అమ్ముడుపోయేవి. జీఎస్టీ వచ్చె, పన్ను చెక్‌పోస్టు ఎత్తేసిరి. ఇప్పుడు లారీలు ఆగకుండా పోతా ఉండాయి."

"లారీలు ఆగకపోతే దేశానికి మంచిదే కదన్నా," అన్నాను.

"దేశానికి మంచిదే. బజ్జీలకే చెడ్డది," అని ఇంకో వడియం తీసుకున్నాడు. తడవాళ్ళు బండ్లలో పెట్రోలు పోయించుకోవడానికి సరిహద్దు అవతలికి పోతారని, ఆ పక్క పన్ను తక్కువని కూడా ఆయనే చెప్పాడు. బండి ఆ సరిహద్దు దాటుతున్నప్పుడు కిటికీలోంచి చూశాను. ఈ పక్కా ఆ పక్కా అదే పచ్చిక, అవే మేకలు. బంకుల్లో ధర మాత్రం వేరు.

పొన్నేరి వచ్చేసరికి పెట్టె నిండిపోయింది, డబ్బా సగమైంది. వదిన ఎవరినీ వదల్లేదు. కాలేజీ అమ్మాయిలకు పెట్టింది, పూలబుట్టలావిడకు పెట్టింది. చేపల తట్టతో మధ్యలో ఎక్కి రాయపురం వెళుతున్న ఒకామె చెయ్యి కడుక్కోలేదని మొహమాటపడితే నోట్లోనే పెట్టింది. నేను మోచేత్తో పొడిస్తే, "అడిగితే లేదంటామా?" అంది. నిజానికి ఎవరూ అడగలేదు. ఎన్నూరు పొగగొట్టాలు కనిపించేసరికి నేనే డబ్బా లాక్కుని మూత పెట్టేశాను.

సెంట్రల్‌లో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. స్టేషన్ ఎదుట ఒక హోటల్లో టిఫిన్‌కు వెళ్ళాం. ఏసీ గది ఖాళీగా ఉన్నా, వదిన ఉక్కపోసే బయటి హాల్లోకి దారితీసింది. ఏసీలో కూర్చుంటే పన్ను ఎక్కువని ఆమె నమ్మకం. ఆ మాట విని సర్వరు నవ్వాడు. "అదంతా ఎప్పుడో పోయిందిమా. ఇప్పుడు ఈడ కూర్చున్నా ఆడ కూర్చున్నా పన్ను ఒకటే."

వదిన చేతిలోని ఇడ్లీ ముక్క ప్లేట్లో పెట్టేసింది. "అంటే ఇన్నాళ్ళూ ఊరికే చెమటలు కార్చినామా?" అంది. ప్లేటు పట్టుకుని లేచి, సాంబారు ఒలకకుండా ఏసీ గదిలోకి నడిచింది. తినడం అయిపోయాక కూడా ఒక పట్టాన బయటికి రాలేదు.

అక్కణ్ణించి శెట్టిగారి కొట్టుకు ఆటోలో వెళ్ళాం. సెంట్రల్ పక్కనుంచి పోయే రోడ్డు పేరు వాల్ టాక్స్ రోడ్డు. ఆ పేరేమిటని అడిగితే శెట్టిగారు తర్వాత చెప్పారు. ఈస్టిండియా కుంపిణీవాళ్ళు పట్నం చుట్టూ గోడ కట్టి, ఆ ఖర్చు జనం దగ్గర పన్నుగా రాబట్టాలనుకున్నారట. జనం ససేమిరా అన్నారట. "పన్ను వసూలు కాలే, గోడా నిలవలే. రోడ్డుకు పేరు మాత్రం మిగిలిందక్కా," అన్నారు ఆయన గర్వంగా, ఆ రోజు కట్టనన్నవాళ్ళలో వాళ్ళ ముత్తాత కూడా ఉన్నట్టు.

కొట్టులో గోడవారగా బియ్యం బస్తాలు పేర్చి ఉన్నాయి. అన్నిటిమీదా ఇరవయ్యారు కిలోలని అచ్చు వేసి ఉంది. ఇరవయ్యారేమిటి, విచిత్రంగా ఉందే అన్నాను. బస్తా దించుతున్న హమాలీ వీపు నిమురుకుంటూ చెప్పాడు: "ఇరవయ్యైదు కిలోల దాకా మూట కట్టి పేరు వేస్తే పన్నుమా. ఒక కిలో ఎక్కువుంటే పన్ను లేదు. ఆ ఒక్క కిలో నా నడుం మీద పడతా ఉండాది."

శెట్టిగారు మాకు కుర్చీలు వేయించారు. "రాండక్కా, ఈడ ఫ్యాన్ కింద కూర్చోండి," అంటూ కాఫీ తెప్పించారు. అంతలో ఆడిటర్ వరదన్ వచ్చాడు. సన్నగా, ఎప్పుడూ ఏదో బస్సు తప్పిపోతున్నట్టుండే మనిషి. ఆయన చూపు సూటిగా స్టీలు డబ్బా మీద పడింది.

"అదేంది?"

"వేయించిన వడియాలు," అంది వదిన, మూత తీస్తూ.

"అయ్యయ్యో, మూసెయ్యండమ్మా! పచ్చిదైతేనే పన్ను లేదు. వేయించి తినేదానికి ఇస్తే అది వేరే లెక్క. దాన్ని ఆఫీసులో తెరవనే కూడదు. ఇంకోటి, ఆడ వడియం అనే మాట మీ నోట్లోంచి రాకూడదు. అప్పళం. ఏం చెప్తారు?"

"అప్పళం," అంది వదిన. ఆఫీసుకు వెళ్ళే దారి పొడుగునా ఆటోలో ఆయన అడగడం, ఈమె "అప్పళం" అనడం. ఆటో డ్రైవరు కూడా రెండుసార్లు అన్నాడు.

విచారణ పదకొండున్నరకు. శెట్టిగారూ మా వెనకే వచ్చారు. ఆఫీసు గదిలో కళ్ళజోడు పెట్టుకున్న ఒక నడివయసు ఆఫీసరమ్మ, పక్కన గుమాస్తా. ఆమె తమిళంలో మొదలుపెట్టి, మా మొహాలు చూసి తెలుగులోకి వచ్చింది. "మా ఇంట్లోనూ తెలుగే. కూర్చోండమ్మా," అంది. నేను బల్లమీద పచ్చి వడియాల పొట్లం విప్పాను.

"ఇవి ఏంది?"

"అప్పళం, మేడం," అన్నాడు వరదన్.

"మిమ్మల్ని అడగలే. వాళ్ళని అడిగినా."

వదిన నిటారుగా కూర్చుంది. "వడియాలమ్మా. గుమ్మడి వడియాలు," అంది. వరదన్ కళ్ళు మూసుకున్నాడు.

ఆఫీసరమ్మ ఒక వడియం తీసి వేళ్ళమధ్య తిప్పి చూసింది. "అప్పళం గుండ్రంగా పల్చగా ఉంటాది. ఇది ఉండ మాదిరి ఉండాది. రెండూ ఒకటి ఎట్టవుతాయి?"

"మనుషులు మాత్రం అందరూ ఒకే అచ్చుగా ఉండారామ్మా?" అంది వదిన.

"మనుషులకు వేరే చట్టం ఉండాదిలేమ్మా," అంది ఆవిడ నవ్వకుండా.

డాబా మీద తెల్లవారుజామునే పప్పు రుబ్బే మా వాళ్ళంతా కళ్ళముందు కదిలారు. ఏం మాట్లాడాలో ముందుగా అనుకున్నది ఒక్కటీ గుర్తురాలేదు. తోచింది చెప్పాను. "మేడం, రెండూ మినప్పప్పే. అప్పడానికి పిండి కలిపి ఒత్తుతారు, మేం పప్పు నానబెట్టి రుబ్బి గుమ్మడి ముక్కలు కలిపి పెడతాం. రెండూ ఎండాలి, రెండూ నూనెలో వేగాలి, రెండూ అన్నంలోకే. మా ఇంట్లో అప్పడం వేయించిన రోజు వడియం జోలికి పోము. వడియం ఉన్న రోజు అప్పడమేదని ఎవరూ అడగరు. ఒకటి లేకపోతే ఆ చోట్లో ఇంకోటి పెడతాం. ఆకులో రెండిటికీ కలిపి ఒకటే చోటు."

ఆవిడ గుమాస్తా వైపు చూసింది. అతను తల గోక్కుని, "నిజమే మేడం. వడగం ఇరుందా అప్పళం కేక్కమాట్టాంగ," అని వడియముంటే అప్పడం అడగరన్న ఆ మాటే తమిళంలో చెప్పాడు. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది.

అప్పుడు ఆవిడ ఫైల్లోంచి ఒక కవరు తీసి మా ముందు పరిచింది. ఊదారంగు, తళతళలు, మధ్యలో నల్ల కళ్ళద్దాల కుర్రాడు ఎగురుతున్నాడు. పైన ఇంగ్లీషు అక్షరాల్లో 'క్రంచీ స్నాక్', కింద తమిళంలో 'ఎప్పుడైనా, ఎక్కడైనా'. మా వడియాలు ఈ వేషంలో అమ్ముడుపోతున్నాయని మాకు ఆ క్షణం దాకా తెలియదు.

"అన్నంలోకి అని వీళ్ళు చెప్తా ఉండారు. ఎప్పుడైనా ఎక్కడైనా అని మీరు అచ్చేసినారు. నేనెవర్ని నమ్మాల శెట్టిగారూ?"

శెట్టిగారి మొహం కవరు రంగులోకి మారింది. "మా కోడలి డిజైను మేడం. వయసు పిల్లలు కొంటారని…"

వదిన కవరు అందుకుని, ఎగురుతున్న కుర్రాణ్ణి పైనుంచి కిందికి చూసింది. మేమెవరి పక్షమో, ఎక్కడున్నామో అన్నీ మరిచి శెట్టిగారి మీదికి లేచింది. "ఏంది శెట్టిగారూ ఇది? పచ్చి వడియం ఎక్కడబడితే అక్కడ ఎట్టా తింటారు? వీడు కొరికినాడంటే పళ్ళు రాలిపోవా? కొన్నోళ్ళు మమ్మల్ని గదా తిట్టేది!"

వరదన్ నెమ్మదిగా కళ్ళు తెరిచాడు. తను ఫైలు నిండా రాసుకొచ్చిన వాదనలకన్నా ఇది బాగుందని ఆయన మొహంలోనే కనిపించింది. "అదే మేడం మా మనవి. వేయించకుండా తినలేని సరుకు ఇది. కవరే తప్పు," అన్నాడు.

ఆఫీసరమ్మ అప్పుడు నవ్వింది, కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సినంతగా. "పన్ను వేసేది సరుకు చూసి, కవరు చూసి కాదు. కానీ కవరు అబద్ధం చెప్తే నేను నోటీసు ఇయ్యక తప్పదు. ఆ కవరు ఆపెయ్యండి. పచ్చి వడియం అప్పళం మాదిరే అని ఆర్డరు రాస్తా. వేయించి ప్యాకెట్లో పోసి అమ్మినారంటే మాత్రం మళ్ళీ పిలుస్తా."

వదిన సంతోషం పట్టలేక డబ్బా తెరిచి ఆవిడ ముందు పెట్టేసింది. వరదన్ గోడకు ఆనుకున్నాడు.

"వద్దమ్మా. తీసుకుంటే లంచం అంటారు."

"ఒక్క వడియం లంచమా?"

"ఒక్కటైతే చిన్న లంచం," అంది ఆవిడ. డబ్బా వైపు ఒకసారి చూసి ఫైలు మూసింది. పాపం, వాసన మాత్రం పీల్చినట్టే అనిపించింది.

కిందికి దిగి వరండాలో బెంచీ మీద పెరుగన్నం తిన్నాం. మిగిలిన వడియాలు నలుగురికీ సరిపోయాయి. వరదన్ కూడా తిన్నాడు, కాకపోతే అటూ ఇటూ చూసి. శెట్టిగారికి గోడౌన్ నిండా ఉన్న ఊదా కవర్లే బెంగ. "ఇంట్లో కోడలికి ఎట్టా చెప్పేదక్కా?" అన్నారు. ఆ విచారణకు మమ్మల్ని పిలవొద్దని చెప్పి సెలవు తీసుకున్నాం.

తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం బండి దొరికింది. ఎండ పెళ్ళున కాస్తోంది, పెట్టె ఖాళీగా ఉంది. పన్నంటే ఎక్కడో ఢిల్లీలో పెద్దవాళ్ళు రాసుకునే లెక్క అనుకునేదాన్ని. ఒక్క రోజు ప్రయాణంలో అది ఎక్కడెక్కడ తగిలిందో తలుచుకున్నాను: టీ అంగడాయన్ని వాచ్‌మన్‌ను చేసింది, బియ్యం బస్తాను బరువెక్కించింది, మా వదినను ఏళ్ళతరబడి చెమటలో కూర్చోబెట్టింది. ఆ ఆఫీసరమ్మ మంచిదే, చట్టమూ చెడ్డది కాదు. కానీ ఎవరో ఒక గీత గీస్తారు, అది వచ్చి మన వంటింటి మధ్యలోంచి పోతుంది. పోయేదాకా మనకు కనిపించదు.

గుమ్మిడిపూండి దాటాక ఇంటికి ఫోన్ చేశాను. మా జట్టులో మస్తానమ్మ ఎత్తింది. గెలిచామని, ఎప్పటిలాగే పెట్టుకోవచ్చని చెప్పాను.

"ఎప్పటిలాగానా?" అంది. "అయ్యో అక్కా! పొద్దున్నే ఎవరో వరదన్ అంట, ఆడిటర్ అంట, ఫోన్ చేసినాడు. ఎందుకైనా మంచిది, ఈ రోజునుంచి గుండ్రంగా పల్చగా పెట్టండన్నాడు. మా గాజులు తీసి, ఒక్కోటి గాజులో అదిమి, డాబా అంతా గుండ్రంగా పెట్టినాం. వేళ్ళు పడిపోతా ఉండాయి. ఇప్పుడేం చెయ్యమంటావు?"

వదిన ఫోన్ తీసుకుంది.

"ఎండనీండే," అంది. "తినేటప్పుడు ఎట్టాగూ విరుగుతాయి గదా."