శుభలేఖ రాసిన సినిమా రచయిత

మిర్యాలగూడ బడిలో తెలుగు చెప్పే దయాకర్ 1956 నాటికే నవలలు రాసి ఉన్నాడు. అచ్చువేసినవారు మాత్రం లేరు. ఇంగ్లండులో ఒక నవలాకారుణ్ణి సినిమావారు కారు పంపి తీసుకుపోయారని పత్రికలో చదివిన నాటినుండి, తనకూ అట్టి పిలుపు వచ్చి తీరునని ఆయన దృఢవిశ్వాసం. పిలుపు వచ్చిన మాట వాస్తవమే. కారుకు బదులు మైకు కట్టిన రిక్షా వచ్చింది. పంపినవాడు ఊరూరా తిరిగే డేరా టాకీసు యజమాని గోపయ్య.

ఆనాటినుండి సినిమా కరపత్రాలకు కథ రాయడం దయాకర్ పని అయింది. వాటి అడుగున తన పేరు ఉండవలెనన్నదే ఆయన కోరిక.

“డేరా నిండనియ్యి సారూ, గప్పుడు నీ పేరు ఏనుగంత అక్షరాలల్ల ఏపిస్త,” అనేవాడు గోపయ్య.

1958 వేసవిలో సదరు ఆంగ్ల నవలాకారుడే రాసిన చిత్రం వస్తున్నదని తెలిసి దయాకర్‌కు కాలు నిలవలేదు. బొమ్మ చూడలేదు, పోస్టరు మీద ముసుగు వేసుకున్న వధువు కనిపించింది, అది చాలు. కరపత్రాన్ని అచ్చంగా శుభలేఖ వలె రచించాడు. నాయికానాయకుల వివాహ మహోత్సవం చిత్రాంతమున జరుగును గనుక సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి ఆశీర్వదింప ప్రార్థన! నాలుగు మూలలా పసుపు కూడా పూయించాడు.

డేరా నిండి పొర్లింది. రైసుమిల్లు ఆండాళమ్మ వియ్యాలవారితో సహా ఎడ్లబండ్లలో దిగింది, కొంగున అక్షింతలు. మాడుగులపల్లి నుండి సన్నాయి మేళం సైతం వచ్చింది.

ఆ చిత్రాన్ని సూర్యాపేటలో ఆడించి వచ్చిన ఆపరేటరు దేవ్‌సింగ్ తల పట్టుకున్నాడు. “ఖతం సార్! లగ్గం మొదటి రీల్లనే అయిపోతది. ఆఖర్ల పిలగాడు ఓడతోని మునుగుతడు.”

గోపయ్య ముఖం పాలిపోయింది. “జనం డేరా పీకుతరు. పేరు సంగతి దేవుడెరుగు, రేపటిసంది నువ్వు గీ దిక్కు రాకు సారూ.”

దయాకర్ బుద్ధి గంతులు వేసింది. “మొదటి రీలు చివర వెయ్యవయ్యా!”

“సచ్చినోడు లగ్గమెట్ల చేసుకుంటడు సార్?”

“అది నాకు వదిలెయ్యి.”

బొమ్మ రెండవ రీలుతో మొదలయింది. కడకు ఓడ మునిగింది. ఆడవారు ముక్కులు చీదారు. అంతలో మొదటి రీలు ఎక్కింది, తెరమీద చిత్రం పేరు, వెంట వరుసగా ఆంగ్లంలో పేర్లు. దయాకర్ మైకు అందుకున్నాడు. “మహాజనులారా! వీరందరూ పెండ్లికి వచ్చిన చుట్టాలు!” చర్చి గంటలు మోగాయి, పొడి కోటుతో నాయకుడు నవ్వుతూ నిలబడ్డాడు. “ఈత నేర్చినవాడు గనుక ఒడ్డు చేరాడు. బట్టలు మార్చుకుని వచ్చాడు!”

ఈలలకు డేరా గుంజలు ఊగాయి. సన్నాయి ఎత్తుకున్నది. అక్షింతలు తెరపై జల్లున కురిశాయి.

“గంత ఎడంగ నిలబడ్డరేంది, జర దగ్గరికి జరుగుండ్రి!” అని ఆండాళమ్మ వధూవరులను కసిరింది. బయటికి వస్తూ గోపయ్యను పట్టుకున్నది. “పిలిస్తె వచ్చినం, బువ్వేదయ్యా?”

గోపయ్య మాట తప్పలేదు. కోదాడ ఆటకు వేసిన కరపత్రంలో దయాకర్ పేరు ఏనుగంత అచ్చయింది; ‘ఆహ్వానించువారు’ అన్న చోట.

డెబ్బయ్యవ దశకం దాకా మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడలలో ఆయన రాయని కరపత్రం లేదు గాని, ఆయన చెప్పుకొని మురిసేది ఆ కోదాడ సాయంత్రమే. బళ్ల మీద దిగిన జనం డేరా ముందు గుమిగూడారు.

“దయాకర్ గారంటే ఎవరండీ? పెళ్లిభోజనాలెక్కడ?”

గోపయ్య గుంజ చాటుకు తప్పుకున్నాడు. దయాకర్ మాత్రం కండువా సవరించుకుని, చేతులు జోడించి ముందుకు వచ్చాడు.

“నేనేనండీ! రండి, కూర్చోండి. ముందు పెండ్లి కానివ్వండి!”